నడిబొడ్డు బాగుచేయాలా తమ్ముడూ? నన్నడుగు

తమ్ముడూ, ఖమ్మం కార్పొరేషన్‌లో ఉన్న అరవై డివిజన్లలో ఏదో ఒకదానికి రేపో మాపో నువ్వు కార్పొరేటర్‌వి అవుతావు. రిజర్వేషన్ అడ్డొస్తే మీ ఆవిడ అవుతుంది. బోర్డు మీద ఆమె పేరు, కుర్చీలో నువ్వు. ఎటైనా గెలిచిన మర్నాడు మెడలో దండలు తీయకుండానే నువ్వు అనబోయే మాట నాకు తెలుసు: "ఊరి సెంటర్‌ని అద్దంలా చేసి చూపిస్తా." అనడం తేలికే. ఎట్లా చేస్తావన్నా అని టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు అడుగుతాడు, అప్పుడు నీళ్లు నములుతావు. ఆ బాధ లేకుండా నాకు తెలిసిందంతా రాసిపెడుతున్నా. ఏళ్ల తరబడి అభివృద్ధి సమీక్షల్లో మూడో వరుసలో కూర్చుని, జీడిపప్పు ప్లేటు ముందు వరుస దాటి రాకపోయినా ఓర్చుకుని, సంపాదించిన జ్ఞానం ఇది. అందరికీ చెప్పను. నువ్వు మనవాడివి.

మన ఊరు 2012లో కార్పొరేషన్ అయింది. చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంది, జనాభా మూడు లక్షలు దాటింది. బోర్డు పెద్దదైంది కాబట్టి నడిబొడ్డు కూడా పెద్ద నగరంలా కనిపించాలి. కనిపించాలి అన్నాను, గమనించావా. కిటుకంతా అందులోనే ఉంది.

జనం ఎందుకొస్తున్నారో కనిపెట్టు. దాన్ని ఊరవతల పెట్టు

ఊరి మధ్యకి జనం పనిలేక రారు. ఒకడు ఆఫీసులో అర్జీ ఇవ్వడానికొస్తాడు. ఒకడు మిర్చి అమ్ముకోవడానికొస్తాడు. ఒకావిడ కూతురి పెళ్లికి చీరలు తీయడానికి కస్బా బజారుకొస్తుంది. ఇంకో పెద్దాయన మోకాళ్లు చూపించుకోవడానికి వస్తాడు, తోడుగా కోడలు, ఆమె చంకలో పిల్ల. వచ్చినవాళ్లు పని చూసుకుని తిన్నగా పోతారా? పోరు. టీ తాగుతారు. జిరాక్స్ తీయిస్తారు. చెప్పు తెగితే కుట్టించుకుంటారు. ఇంట్లో పిల్లలకు మిక్చర్ పొట్లం కట్టించుకుంటారు. సెంటర్‌లో రద్దీ అంటే ఇదే. దీన్ని మొదలంటా తీసేస్తే తప్ప సెంటర్ శుభ్రంగా ఉండదు.

ఈ విషయంలో మనకంటే ముందే పెద్దలు దారి వేశారు. కలెక్టరేట్ ఊళ్లోనే ఉండేది. దాన్ని తీసుకెళ్లి వి.వెంకటాయపాలెం దగ్గర విశాలంగా కట్టారు. 2023 జనవరి 18న, నలుగురు ముఖ్యమంత్రులు ఊళ్లో ఉన్న రోజున తెరిచారు. శాఖలన్నీ ఒక్క కప్పు కింద, బండ్లు పెట్టుకోవడానికి కావాల్సినంత జాగా, ముందు పచ్చిక. నేలకొండపల్లి నుంచి సోమవారం ప్రజావాణికి వచ్చే రైతు మాత్రం బస్సు దిగి, ఊరంతా దాటి, ఇంకో ఆటో మాట్లాడుకోవాలి. మాట్లాడుకోనీ. కష్టపడి వచ్చినవాడి అర్జీలో బలం ఉంటుంది. పాత ఆఫీసు చుట్టూ అర్జీలు రాసిపెట్టి నాలుగు రాళ్లు సంపాదించుకున్న వాళ్లు, స్టాంపులు అమ్మేవాళ్లు, ఇడ్లీ బండివాళ్లు ఏమయ్యారని అడక్కు. ఏ నివేదికలోనూ వాళ్లకు గడి ఉండదు. గడి లేనివాడికి నష్టం కూడా ఉండదు.

ఒకటే చిక్కు వచ్చింది. ఖాళీ అయిన పాత కలెక్టరేట్‌లోకి ప్రభుత్వ వైద్య కళాశాలను తెచ్చారు. దాంతో పిల్లలొచ్చారు, పిల్లల వెంట టిఫిన్ సెంటర్లొచ్చాయి, ఆ వీధికి మళ్లీ ప్రాణం వచ్చింది. అప్పుడప్పుడూ ఇట్లాంటి పొరపాట్లు జరుగుతుంటాయి. పాత భవనం ఖాళీ అయితే నీ హయాంలో మాత్రం వెంటనే తాళం వెయ్యి, గేటుకు "ఇది ప్రభుత్వ స్థలం" అని బోర్డు కట్టు, లోపల తుమ్మచెట్లు పెరగనీ.

బస్టాండు సంగతీ ఇంతే. 2021లో బైపాస్ వైపు కొత్త బస్టాండు తెరిచారు. ఎయిర్‌పోర్టులా ఉందని అందరూ ఫొటోలు దిగారు, నేనూ దిగాను. పాత బస్టాండు చుట్టూ పండ్లు, పూలు, పాన్‌డబ్బాలు పెట్టుకున్నవాళ్లకు గుబులు పట్టుకుంది. బస్సు దిగిన మనిషి నాలుగు అడుగులు వేస్తే మయూరి సెంటర్. ఆ నాలుగు అడుగుల్లోనే వాళ్ల బతుకు. ఒక్కటి మాత్రం మరువకు: బస్టాండు మార్చేటప్పుడు కొత్తదానికీ పాత బజారుకీ మధ్య నిమిషానికో చిన్న బస్సు తిప్పాలని ఎవడైనా అంటాడు. వాడిని మళ్లీ మీటింగుకు పిలవకు.

ఇక మిగిలింది వ్యవసాయ మార్కెట్. ఊళ్లోని త్రీటౌన్ ప్రాంతంలో, గాంధీ చౌక్ టోకు కొట్లకు దగ్గర్లో, సీజన్ వస్తే లారీలు బారులు తీరే చోట. ఊరి మధ్య యార్డు ఉంటే ఏమవుతుందో 2017 ఏప్రిల్‌లో చూశాం. ధర పడిపోయింది, రైతుకు కడుపు మండింది, మార్కెట్ ఆఫీసు ధ్వంసమైంది. ఆ తర్వాత రైతుల చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు, దేశమంతా మన పేరు మారుమోగింది. ఇదే యార్డు ఊరికి దూరంగా, గుట్టల అవతల ఉండి ఉంటే ఆ కేక ఎవరికి వినపడేది? అంత అనుభవం ఉండీ యార్డును ఉన్నచోటనే కొత్తగా, పెద్దగా కట్టే పని పెట్టుకున్నారు. నాకు నచ్చలేదు. మిర్చి అమ్మిన రైతు చేతిలో డబ్బుతో నేరుగా బంగారం కొట్టుకో, బట్టల కొట్టుకో, ఎరువుల కొట్టుకో నడిచిపోయే వీలు ఇట్లాగే ఉంటే ఊరి మధ్య రద్దీ ఎప్పటికి తగ్గుతుంది?

జెండా పాట పాడు, కాంటా సంగతి తర్వాత

యార్డు గురించి చెప్తున్నా గనక అక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఫిబ్రవరి, మార్చిలో ఓ రోజు పొద్దున్నే పో. ముక్కుకు కండువా కట్టుకో. గేటు దాటకముందే తుమ్ములు మొదలవుతాయి, కళ్లు మండుతాయి. లోపల తేజ రకం మిర్చి బస్తాలు వరుసలు వరుసలుగా, మధ్యలో అడుగు పెట్టే సందు ఉండదు. రాత్రంతా బస్తాల మీదే పడుకున్న రైతు లేచి, మొహం కడుక్కోకుండానే బస్తా మూతి విప్పి, ఎర్రగా నిగనిగలాడే కాయ పైకి తెచ్చి సర్దుతుంటాడు. ఇంతలో జెండా లేస్తుంది. ఖరీదుదారులు, కమీషన్ వ్యాపారులు, అధికారులు గుంపుగా కదులుతారు. మేలైన లాట్ ఒకటి చూసుకుని దాని దగ్గర పాట మొదలుపెడతారు. అంకె పెరుగుతుంటే చుట్టూ ఉన్న రైతుల మొహాలు వెలుగుతుంటాయి. చివరికి ఆ ఒక్క లాట్‌కు పలికిన ధరే ఆ రోజు జెండా పాట. పేపర్లో వచ్చేది, ఫోన్లలో తిరిగేది అదే.

తర్వాత మిగతా బస్తాల దగ్గరికొస్తారు. ఓ కాయ విరిచి చూస్తారు. తేమ ఉందంటారు, రంగు తగ్గిందంటారు, తాలు కలిసిందంటారు. ఒక్కో మాటకీ వందలు తెగుతాయి. తూకం వేసే దడవాయి కాంటా వేసి, తక్‌పట్టీ చీటీ చేతికి వచ్చేసరికి అందులో ఉన్న అంకెకూ పొద్దున జెండా పాటకూ చుట్టరికం ఉండదు. అప్పటికి జెండా ఎప్పుడో దించేశారు, ఫొటోగ్రాఫర్ వెళ్లిపోయాడు.

ఊరి అభివృద్ధిని సరిగ్గా ఇట్లాగే పాడాలి తమ్ముడూ. మున్నేరు ఏటికి రెండు ఒడ్లమీదా ఆర్‌సీసీ గోడలకు 690 కోట్లు. కాల్వొడ్డు దగ్గర నిజాం నాటి వంతెన పక్కన తీగల వంతెనకు 180 కోట్లు. అంకె గట్టిగా, గుండ్రంగా, మైకులో మూడుసార్లు చెప్పాలి. నీ డివిజన్‌లో కల్వర్టు కూలి అందులో ఆటో చక్రం దిగబడిపోయిందని ఎవరైనా వచ్చారనుకో, "690 కోట్ల పని జరుగుతుంటే నీకు కల్వర్టు గొడవేంటి పెద్దమ్మా" అని కసురు. కాలవలో పూడిక తీయడం, కూలిన మూత మార్చడం, వీధి దీపం వెలిగించడం తాలు కాయలాంటి పనులు. వాటికి జెండా ఎత్తరు. శిలాఫలకం మీద "పూడిక తీయబడినది" అని చెక్కించుకున్న నాయకుణ్ని నేనింతవరకూ చూడలేదు.

నడిచేవాణ్ని నమ్మకు

బండి మీద వచ్చేవాడికి ఓటుంది, కారులో వచ్చేవాడికి పలుకుబడి ఉంది. నడిచి వచ్చేవాడికి ఏముంది, చెప్పులు. అందుకని నీ ప్రణాళికలో నడిచేవాడు ఉండకూడదు.

కమాన్ బజారులో గానీ కస్బా బజారులో గానీ సాయంత్రం ఆరింటికి నిలబడి చూడు. కొనేవాళ్లంతా కాళ్ల మీదే ఉంటారు. రెండు చేతులా సంచులు, వేలు పట్టుకున్న పిల్లాడు, వెనక నుంచి హారన్ కొట్టే బుల్లెట్. ఎవడో తెలిసీ తెలియక సాయంత్రం రెండు మూడు గంటలు ఈ వీధుల్లోకి బండ్లు రానివ్వకుండా చూద్దామంటాడు. ముందు దుకాణదారులే నీ మీద పడతారు: బండి ఆగకపోతే బేరం పోతుందంటారు. నిజానికి వాళ్ల కొట్టు ముందు పొద్దున్నుంచీ రాత్రిదాకా ఆగి ఉండే బండి వాళ్లదే. ఆ మాట నువ్వు అనకు. ఓడిపోతావు.

ఫుట్‌పాత్ కట్టు. కట్టనని అనకు. అరడుగు ఎత్తు చాలదు, అడుగున్నర కట్టు. ముసలివాళ్లు ఎక్కలేరు, శుభ్రంగా ఉంటుంది. మీద టైల్స్ పరిచి, వానపడితే జారేలా చూసుకో. ప్రతి ఇరవై అడుగులకూ ట్రాన్స్‌ఫార్మరో, ఫ్లెక్సీ గుంజో, నాయకుడి పుట్టినరోజు కటౌటో అడ్డం పెట్టు. ఆసుపత్రులున్న వీధుల్లో సెల్లార్ సంగతి కూడా తెలుసుకో: ప్లాన్‌లో సెల్లార్ అంటే పార్కింగ్, కట్టాక సెల్లార్ అంటే మందుల షాపూ, ల్యాబూ. బండ్లు ఎక్కడ పెడతారు మరి? రోడ్డు మీద. రోడ్డు చాలదు. చాలకపోతే వెడల్పు చేయాలి. వెడల్పు చేయాలంటే పాత చెట్లు కొట్టాలి. ఒక్క సెల్లార్‌లోంచి ఇన్ని పనులు పుడతాయి.

తోపుడు బండ్లవాళ్ల విషయంలో రెండు చేతులూ వాడు. వీధి వ్యాపారులకు హక్కులిస్తూ 2014లోనే పార్లమెంటు చట్టం చేసింది. 2020లో స్వనిధి పథకం వచ్చింది, అప్పట్లో మొదటి విడత పదివేల అప్పు. కుడిచేత్తో వాడికి ఆ అప్పు ఇప్పిస్తూ ఫొటో దిగు. వాడు ఆ డబ్బుతో జామకాయలు తెచ్చుకుని బండి సర్దుకున్న మర్నాడు ఎడమచేత్తో బండి లాగించెయ్యి. బండి స్టేషన్‌లో ఉంటుంది, కాయలు కుళ్లుతాయి, కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి. చట్టం ప్రకారం ముందు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటున్నారో సర్వే చేసి, వాళ్లనూ కమిటీలో కూర్చోబెట్టి, స్థలం చూపించి గానీ కదపకూడదు. అది చదివిన ఆఫీసరు దొరికితే బదిలీ అయ్యేదాకా ఓపిక పట్టు.

మూత్రశాలలు కట్టించు, తాళం వేయించు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకూడదు. పల్లె నుంచి పెళ్లి బట్టలకు వచ్చిన ఆడవాళ్లు పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచీ మంచినీళ్లు తాగకుండా ఉంటారు. అందుకే తొందరగా బేరం ముగించుకుని మధ్యాహ్నం బస్సుకే పోతారు. రద్దీ తగ్గింది చూశావా? పోలీసు అవసరం కూడా లేదు.

విజ్ఞాన యాత్రకు ఎక్కడికి పోవాలని చాలామంది అడుగుతారు. సింగపూర్ పో. దుబాయ్ పో. స్పెయిన్ వెళ్లినా పాంటెవెద్రా అనే ఊరికి మాత్రం పోకు. మనకంటే చిన్న ఊరది. 1999లో వచ్చిన మేయరు పాత బజారులోకి కార్లు రాకుండా చేశాడు. వీధులన్నీ నడిచేవాళ్లకు ఇచ్చేశాడు. వ్యాపారాలు మునుగుతాయని గోల చేశారు, మునగలేదు; జనమే తిరిగొచ్చారు. ఆ మేయరు గెలుస్తూనే ఉన్నాడు. అక్కడ చూడటానికి ఫ్లైఓవర్ లేదు, అద్దాల టవర్ లేదు. ఫొటో ఏం దిగుతావు?

నీటితో జాగ్రత్త: అది దాచినంతవరకే అందం

లకారం చెరువు ఎంత ముచ్చటగా ఉందో చూడు. కట్ట మీద దీపాలు, బోట్లు, తీగల వంతెన. సాయంత్రమైతే పిల్లాపాపలతో ఊరంతా అక్కడే. ఈ ఒక్క పని బాగుందని నేనూ ఒప్పుకుంటా. ఉన్నవాడికీ లేనివాడికీ గాలి పీల్చుకోవడానికి ఓ చోటంటూ దొరికింది. కాకపోతే అంత బాగున్న చోటును బాగున్నట్టే వదిలేస్తే మన ముద్ర ఏముంటుంది? అందుకే చెరువు మధ్య కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ విగ్రహం, 54 అడుగులది, పెట్టాలనుకున్నారు. 2023 మేలో వ్యవహారం హైకోర్టుకెక్కి ఆగింది. నువ్వు విగ్రహం పెట్టదలిస్తే ముందే గుర్తుంచుకో: కులం, పార్టీ, దేవుడు, సినిమా నాలుగూ కలిసొచ్చే మనిషిని ఎంచుకుంటే గొడవ కూడా నాలుగింతలు. ఎవరికీ తెలియని మనిషిదైతే ఏ గొడవా ఉండదు గానీ, ఓట్లూ ఉండవు.

గోళ్లపాడు చానల్ త్రీటౌన్ మీదుగా పోయే మురుగు కాలవ. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటేవాళ్లం. ఇప్పుడు పైపుల్లోకి దించి, పైన పార్కులు చేశారు. మంచిదే. ఇందులోంచి నువ్వు తీసుకోవాల్సిన పాఠం ఏంటంటే, మురుగును కంటికి కనపడకుండా చేస్తే చాలు, అది ఎక్కడికి పోతుందన్నది తర్వాతి పాలకవర్గం చూసుకుంటుంది. మున్నేరు ఉండనే ఉంది.

మున్నేరు మాత్రం మాట వినదు. ఎగువన మహబూబాబాద్ వైపు వాన పడితే, తీర్థాల దగ్గర ఆకేరును కలుపుకుని, మనకు చినుకు లేని రోజున కూడా మీదికొస్తుంది. 2024 సెప్టెంబర్ 1న ఎట్లా వచ్చిందో ప్రకాష్‌నగర్, బొక్కలగడ్డ, కరుణగిరి, వెంకటేశ్వరనగర్ వాళ్లను అడుగు. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, ఫ్రిజ్‌లు, అన్నీ బురద. ప్రకాష్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోతే హెలికాప్టర్ రాలేదు. ఓ జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి పోయి అందరినీ తెచ్చాడు. అప్పటిదాకా జేసీబీ అంటే కూల్చే బండి అనుకునేవాళ్లం.

ఆ మర్నాడే ఏరు పొంగే నేలలో ఇళ్లకు అనుమతులెవరిచ్చారు, ఇంటి నంబర్లెవరు వేశారు, కరెంటు మీటర్లెవరు పెట్టారు అన్న ప్రశ్నలొచ్చాయి. నువ్వు వాటికి జవాబు చెప్పకు. "గోడ వస్తోంది" అను. గోడ వస్తోందంటే చాలు, గోడ పూర్తి కాకముందే గోడ పక్కన ప్లాట్లు లేస్తాయి. ఏరు నిండినప్పుడు బయటి నీళ్లను ఆపే గోడ, లోపల పడిన వాన నీళ్లను కూడా ఆపుతుందని, దానికి తూములు, మోటార్లు, వాటిని నడిపే మనిషి, డీజిల్ బిల్లు కావాలని ఇంజినీర్లు అంటారు. అది చూడాలంటే భద్రాచలం పోవాలి. పోనీ, పోదాం పద. అక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

భద్రాద్రి పాఠాలు

రైలు దిగి చూస్తే బోర్డు మీద "భద్రాచలం రోడ్" అని ఉంటుంది. భక్తుడు దండం పెట్టుకుని దిగుతాడు. దిగింది కొత్తగూడెంలో. భద్రాచలం రాముడి గుడి ఇంకో నలభై కిలోమీటర్లు. ఊరికి రైలు తేవడం కంటే రైలు ఆగే చోటుకు ఊరి పేరు పెట్టడం ఎంత చౌకో చూడు. ఈ కిటుకు తెలిస్తే నీ వార్డులో ఏదైనా తేవచ్చు.

భద్రాచలం కరకట్ట సంగతికొస్తాను. గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 53 దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక. కట్ట లేకపోతే ఊరు ఏమయ్యేదో తలచుకోలేం. అయితే నది పెరగగానే తూములు మూసేస్తారు. మూసేస్తే ఊళ్లోని మురుగూ, వాన నీళ్లూ పోవడానికి దారి ఉండదు. రామాలయం చుట్టుపక్కల, విస్తా కాంప్లెక్స్ దగ్గర, కొత్త కాలనీలో నది రాకుండానే మునక. మోటార్లు పెట్టి తోడాలి. మోటారు వేసవిలో బాగుచేసి ఉంచుకుంటే ఆషాఢంలో పనిచేస్తుంది. నువ్వు మాత్రం నీళ్లొచ్చాకనే టెండర్ పిలువు. వేసవిలో మోటారుకు నూనె వేస్తూ ఫొటో దిగితే ఎవడు చూస్తాడు? మోకాళ్ల లోతు నీళ్లలో ప్యాంటు మడుచుకుని నిలబడితే అన్ని టీవీల్లో వస్తావు.

సరిహద్దు గీయడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రకు కలిపారు. భద్రాచలం టౌను తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు అటు పోయాయి. పురుషోత్తపట్నంలో రాముడికి దాదాపు 890 ఎకరాలున్నాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, దేవుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఊరి చెత్త పోయడానికి జాగా లేక గోదావరి ఒడ్డే దిక్కయింది. దాని మీద ఎన్ని వినతిపత్రాలు పోయాయో! ఐదు పంచాయతీలు తిరిగి ఇమ్మని ప్రతి ఎన్నికల్లో అందరూ అడుగుతారు, గెలిచాక మళ్లీ అందరూ అడుగుతారు. ఎప్పటికీ తీరని సమస్య ఒకటి చేతిలో ఉండటం నాయకుడికి ఫిక్స్‌డ్ డిపాజిట్.

దేశమంతా తెలిసిన ఈ క్షేత్రం గ్రామ పంచాయతీ అంటే నమ్ముతావా? ఏజెన్సీ ప్రాంతం గనక అన్నిటికీ చట్టం చిక్కులు. సరిపోదన్నట్టు 2022 చివర్లో మూడు పంచాయతీలుగా చీల్చాలని ఉత్తర్వు కూడా ఇచ్చారు. ఊరు గొడవ చేసింది. ఏజెన్సీలో భూమి ఆదివాసీల చేయి దాటకుండా 1/70 చట్టం కాపలా. కాగితం మీద కాపలా. నేల మీద లాడ్జీలు అంతస్తు మీద అంతస్తు. 2025 మార్చిలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కుప్పకూలి, పనిచేస్తున్న వాళ్లు శిథిలాల కింద చనిపోయారు. వెంటనే మిగతా భవనాల లెక్క తీస్తామన్నారు. లెక్క తీయడం అన్నది చాలా పవిత్రమైన పని, దానికి తొందర పనికిరాదు.

చరిత్ర కూడా కొంచెం తెలుసుకో. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న, మన నేలకొండపల్లివాడే, సర్కారుకు కట్టాల్సిన శిస్తు సొమ్ముతో ఈ గుడి కట్టించాడని తానీషా గోల్కొండలో ఖైదు చేశాడు. ఆయన చేసిన పొరపాటేంటి? పని పూర్తి చేయడం. సగంలో ఆపి, సవరించిన అంచనాలు పంపించి ఉంటే ఈ పాటికి ఇంకా ఫైలు నడుస్తూ ఉండేది. గోదావరి మీద మొదటి వంతెన 1965లో వచ్చింది. దాని పక్కన రెండో వంతెన మొదలుపెట్టాక బండ్లు నడవడానికి 2024 దాకా పట్టింది. ఎవరినీ ఖైదు చేయలేదు.

ఇక్కడి సంత గురించి మనసులో మాట చెప్తా. తెల్లవారకముందే చర్ల వైపు నుంచి ట్రాలీ ఆటోలో ఓ కోయ పెద్దమ్మ దిగుతుంది. గంపలో చింతపండు, భుజాన కొండచీపుళ్ల కట్ట. గోనె పరుచుకుని చింతపండును కుప్పలు పెడుతుంది. అన్నీ ఒకే కొలత, కంటితోనే తూకం. పట్నం నుంచి వచ్చినావిడ కుప్పకు అయిదు రూపాయలు తగ్గించమంటుంది. పెద్దమ్మ మాట్లాడదు, ఇంకో నాలుగు రెబ్బలు కుప్ప మీద వేస్తుంది, ధర మాత్రం తగ్గించదు. అమ్మిన డబ్బుతో ఉప్పు, ఎండుచేపలు, మనవరాలికి రిబ్బన్లు కొనుక్కుని మధ్యాహ్నానికి పోతుంది. ఊరి వ్యాపారం సగం ఆమె కొనే ఉప్పు మీదే నడుస్తుంది. ఆమె కూర్చున్నచోట నీడకు నాలుగు రేకులు, తాగడానికి నీళ్లు, తూకం చూసుకోవడానికి ఓ కాంటా ఉంటే చాలు. కానీ అందులో అభివృద్ధి ఏముంది? అందుకని ఆమెను అక్కణ్నించి లేపు, ఆమె బొమ్మ చేయించి మ్యూజియంలో కూర్చోబెట్టు, పక్కన మట్టి గుడిసె పెట్టు, టికెట్ పెట్టు. బయట బొంగు చికెన్ స్టాల్ పెట్టు. వచ్చినవాళ్లు గిరిజన సంస్కృతి చూశామని తృప్తిగా పోతారు. బొమ్మ ధర తగ్గించనని మొండికేయదు.

చివరిగా శ్రీరామ నవమి. ఏడాదికి ఒక్కరోజు మిథిలా స్టేడియంలో రాముడి పెళ్లి, పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు, ముఖ్యులందరూ ముందు వరుసలో. ఊరినంతా ఆ ఒక్కరోజుకే ప్లాన్ చెయ్యి. ఆ రోజుకు తాత్కాలిక మరుగుదొడ్లు, తాత్కాలిక నీళ్ల ట్యాంకులు, తాత్కాలిక పార్కింగ్, తాత్కాలిక వైద్య శిబిరం. మిగతా రోజుల్లో వచ్చేవాళ్లు కూడా మనుషులే, వాళ్లకూ దాహం వేస్తుంది అని ఎవరో అంటారు. బిల్లు తాత్కాలికం మీదే బాగా పెరుగుతుంది, శాశ్వతంగా కట్టేస్తే వచ్చే ఏడు ఏం రాస్తావు? కళ్యాణం అయిన మూడో రోజుకు చలువ పందిళ్లు విప్పేస్తారు. గుంజలు పీకిన చోట రోడ్డు మీద గుంతలుంటాయి, పూడ్చమని ఫోన్లు వస్తాయి. పూడ్చకు. వచ్చే నవమికి గుంజలు మళ్లీ అక్కడే పాతాలి.